మేకుకు తగిలించిన తాళంచెవి

మగవాళ్ళను మీ ఫోటోల్లో మీకేది ఇష్టమని అడిగితే పెళ్ళి ఫోటో అంటారు. నమ్మకండి. పెళ్ళి ఫోటో బీరువా అడుగున చీరల కింద ఉంటుంది. అదెక్కడుందో మనకే తెలియాలి. పొద్దున చొక్కా తొడిగిన దగ్గర్నుంచి రాత్రి విప్పేదాకా గుండెల దగ్గర పెట్టుకుని తిరిగే ఫోటో ఇంకొకటుంది. డ్రైవింగు లైసెన్సు మీది ఫోటో. ఎంత అందగాడైనా అందులో అప్పుడే పట్టుబడిన దొంగలాగే ఉంటాడు. అయినా సరే, రేషను కార్డు కనిపించకపోతే "ఎక్కడో ఉంటుంది చూడవే" అనే మనిషి, లైసెన్సు కనిపించకపోతే ఇల్లు పీకి పందిరేస్తాడు.

ఎందుకింత ప్రేమంటే, మా విడవలూరు లాంటి ఊళ్ళో నాలుగు రోజులుంటే మీకే తెలుస్తుంది. ఇటు పెన్న కాలవల కింద వరి మళ్ళు, అటు సముద్రం దాకా రొయ్యల గుంటలు. కోవూరు పోవాలన్నా, నెల్లూరు పోవాలన్నా, రామతీర్థంలో రామలింగేశ్వరుడికి ఓ కొబ్బరికాయ కొట్టి రావాలన్నా బండి కావాలి. ఒకప్పుడు బస్సు కోసం చెట్టు కింద గంటలకు గంటలు కూర్చునేవాళ్ళం. ఇప్పుడు ఇంటికో మోటారు సైకిలు, వీధికో ఏస్ బండి. బండి నడవాలంటే పెట్రోలు, నడిపేవాడికి ఆ కార్డు. ఈ రెంటి మీదే సగం ఊరు బతుకుతోంది.

మరి తాగి నడిపాడని ఆ కార్డును ప్రభుత్వం లాగేసుకుంటే?

అది మగవాళ్ళకూ పోలీసులకూ మధ్య వ్యవహారం, మనకెందుకని చాలామంది ఆడవాళ్ళు అనుకుంటారు. కాదు. ఎందుకు కాదో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

మా వీధి చివర ఒక అమ్మాయి ఉంది. పేరెందుకులెండి. ఆమె భర్త ఏస్ బండి తోలతాడు. రొయ్యల పట్టుబడి ఉందంటే తెల్లవారుజామున 4 గంటలకల్లా ఐసు పెట్టెలతో గుంట గట్టు మీద ఉండాలి. ఓ రాత్రి బండి తోలుకుని తిరిగొస్తూ రోడ్డు మీద పోలీసులకు దొరికాడు. గొట్టంలో ఊదమంటే ఊదాడు. మిషను మీద 92 అని వచ్చింది. లైసెన్సు తీసుకున్నారు. కోర్టులో జరిమానా కట్టాడు. అంతటితో అయిపోయిందనుకుంటూ ఉండగా ఇంటికో నోటీసు వచ్చింది. ఆ అమ్మాయి దాన్ని కొంగులో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"అక్కా, ఈ కాయితం చదివి పెట్టు. ఏందేందో రాసుంది."

మత్తులో బండి నడిపినందుకు నీ లైసెన్సును ఎందుకు నిలిపివేయకూడదో వచ్చి చెప్పుకో అన్నది అందులోని సారాంశం. మావారు పేపరు అడ్డం తియ్యకుండానే, "తాగేటప్పుడు లేని భయం ఇప్పుడెందుకో?" అన్నారు. ఆ పిల్ల తల వంచుకుంది. తాగింది తనైనట్టు!

మావారిని వాకిట్లోకి పంపించి ఇద్దరం కూర్చున్నాం. ఆ కాగితం వెనక ఉన్న చట్టాన్ని నేను విప్పి చూశాను. నాకు అర్థమైనంత వరకు మీకూ వంటింటి లెక్కలో చెబుతాను.

చట్టం పేరు మోటారు వాహనాల చట్టం, 1988. అందులో 185వ సెక్షను తాగి నడిపేవారి కోసం. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే నేరం. 100 మిల్లీలీటర్లంటే మనం కాఫీ తాగే చిన్న గ్లాసెడు. 30 మిల్లీగ్రాములంటే, మనం పప్పులో వేసే చిటికెడు ఉప్పులో ఏ పదో వంతో. అంతే. మొదటిసారి దొరికితే 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే 2 సంవత్సరాల దాకా జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. 2019లో చట్టాన్ని సవరించకముందు మొదటిసారి జరిమానా 2,000 దాకానే. ఓ రాత్రి విందు ఖర్చు కింద రాసుకునేవాళ్ళు.

జరిమానా ఒక దారి. లైసెన్సుది ఇంకొక దారి. పట్టుకున్న పోలీసు అధికారి లైసెన్సును లైసెన్సులిచ్చే అధికారికి పంపాలి. ఆయన మనిషి చెప్పుకునేది విని, కారణాలు కాగితం మీద రాసి, మొదటి తప్పుకు 3 నెలలు నిలిపేయవచ్చు. ఆ 3 నెలలు గడిచినంత మాత్రాన కార్డు చేతికి రాదు. డ్రైవరుకు మళ్ళీ పాఠాలు చెప్పే శిక్షణ ఒకటుంది, అదీ పూర్తి చెయ్యాలి. రెండోసారైతే నిలపడం కాదు, రద్దే. అటు కోర్టు సంగతి చూడండి. ఒకసారి ఈ నేరానికి శిక్ష పడ్డవాడికి మళ్ళీ ఇదే నేరానికి శిక్ష పడితే, లైసెన్సు రద్దు చెయ్యాల్సిందేనని చట్టం జడ్జిగారికే చెబుతోంది. అధికారి ఉత్తర్వు అన్యాయం అనిపిస్తే అది అందిన 30 రోజుల్లో పైకి అప్పీలు చేసుకోవచ్చు. ఇవన్నీ కాక, దొరకడంతో పనిలేకుండా, అలవాటుపడ్డ తాగుబోతని తేలినా లైసెన్సు తీసేయవచ్చని అదే చట్టంలో ఉంది.

"కార్డు వాళ్ళ దగ్గరుంటే ఏం, ఫోనులో ఉంది గదా, అది చూపిస్తే సరిపాయె" అని ఆమె భర్త స్నేహితుడెవరో సలహా ఇచ్చాడట. ఫోనులో లైసెన్సు చూపిస్తే చెల్లే మాట నిజమే. అయితే నిలిపివేసిన లైసెన్సులూ, రద్దయిన లైసెన్సులూ 2020 అక్టోబరు నుంచి ప్రభుత్వ కంప్యూటరు రికార్డుల్లోకి ఎక్కుతున్నాయి. బొమ్మ మన ఫోనులో ఉన్నా ప్రాణం అక్కడుంది.

సలహాల మాట వచ్చింది కనుక చెబుతున్నాను. ఈ విషయంలో మగవాళ్ళకున్నంత వైద్యం ఏ డాక్టరుకూ లేదు. నిమ్మకాయ నాకితే దిగిపోతుందిట. ఉల్లిపాయ నమిలితే మిషనుకు తెలియదుట. చన్నీళ్ళు పోసుకుని కాఫీ తాగితే రాత్రి తాగిందంతా ఆవిరైపోతుందిట. ఏదీ నిజం కాదు. కడుపులో పడ్డదాన్ని కాలేయం తన తీరికను బట్టి కరిగిస్తుంది. ఎవరు తొందరపెట్టినా వినదు. సుమారుగా గంటకు 15 మిల్లీగ్రాములు. మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ. కాఫీ వల్ల నిద్ర పోతుంది కానీ మత్తు పోదు. మేలుకుని ఉన్న తాగుబోతు తయారవుతాడంతే.

ఆ లెక్కతో ఆ అమ్మాయి దగ్గర ఒక కాగితం మీద వేసి చూపించాను. రాత్రి 11 గంటలకు రక్తంలో 150 ఉందనుకో. తెల్లవారి 4 గంటలకు 5 గంటలు. 15 చొప్పున పోయేది 75. మిగిలేది 75. చట్టం ఒప్పుకునేదానికి రెండున్నర రెట్లు! ఇంటాయన మొహం కడుక్కుని, విభూది పెట్టుకుని, "నిన్న తాగింది నిన్ననే పోయింది" అని బండెక్కుతాడు. పోలేదు. ఉదయం 7 గంటలకు గాని 30కి దిగదు. ఈ మూడు గంటల్లోనే బడికి పోయే పిల్లలు, పాలవాళ్ళు, పొలానికి పోయే కూలీలు రోడ్డు మీద ఉంటారు.

ఆ పిల్ల ఆ కాగితం కేసి చాలాసేపు చూసింది. "అట్టయితే ఇన్నేండ్లూ..." అని ఆగిపోయింది.

ఇది బండ్లు తోలుకునేవాళ్ళ గొడవ, మనవాళ్ళు మర్యాదస్తులు అనుకోకండి. హైదరాబాదులో ఉద్యోగాలు చేసే అబ్బాయిలు శుక్రవారం రాత్రి దొరికితే, కోర్టుకు పోయేముందు ట్రాఫిక్ పోలీసుల శిక్షణ కేంద్రంలో కౌన్సెలింగుకు రావాలని అక్కడ పద్ధతి పెట్టారు. ఒంటరిగా కాదు, తల్లిదండ్రులనో భార్యనో వెంటబెట్టుకుని రావాలి. ఆలోచించండి. పోలీసు గడప ఎన్నడూ తొక్కని తల్లి, కొడుకు పక్కన బెంచీ మీద కూర్చుని, ప్రమాదాల సినిమా చూసి రావడం! తాగింది వాడు, తల వంచుకునేది ఆమె. ఇక్కడా అదే.

మన పిల్లలు వెళ్ళిన అమెరికాలో హద్దు మనకంటే సడలే. అక్కడ దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ మన లెక్కలో 80 మిల్లీగ్రాములు, ఒక్క యూటాలో 50. ఆ మాట చెబితే మావారు "చూశావా, వాళ్ళు నయం" అన్నారు. అయితే దొరికినవాడి కారులో అక్కడ ఒక యంత్రం బిగిస్తారు. ముందు దాంట్లో ఊదాలి. వాసన తగిలిందా, కారు కదలదు. భార్యతో పనిలేదు, పోలీసుతో పనిలేదు. కారే "నువ్వు దిగు నాయనా" అంటుంది. మనకింకా ఆ భాగ్యం రాలేదు. మన బండ్లు ఎవరెక్కినా కదులుతాయి.

మన నెల్లూరు జిల్లా ఆడవాళ్ళకు ఈ తాగుడు గొడవ కొత్తది కాదు. దేశమంతా మన వైపు తలతిప్పి చూసిన రోజులున్నాయి. 1991లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిపూట లాంతరు దగ్గర కూర్చుని చదువుకునే ఆడవాళ్ళకు ఇచ్చిన వాచకంలో, సారా దుకాణం మూయించిన ఆడవాళ్ళ పాఠం ఒకటుంది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు ఆ పాఠాన్ని చదవడంతో ఆపలేదు. నిజంగానే దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు అలా ఊరూరికీ తెలిసింది. 1992 కల్లా అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. చీపుళ్ళూ కారప్పొడీ పట్టుకుని సారా పాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. 1995 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం మొత్తం మద్యానికే నిషేధం తెచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు.

ఆ తర్వాత కథ మీకు తెలుసు. సారా పోయింది, సీసా వచ్చింది. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు పెద్ద రోడ్లకు 500 మీటర్ల లోపల మద్యం దుకాణాలు ఉండకూడదంది. 2017 మార్చిలో చిన్న ఊళ్ళకు దాన్ని 220 మీటర్లు చేసింది. దుకాణాలు నాలుగడుగులు వెనక్కి జరిగాయి. నడిచిపోలేక జనం బండ్ల మీద పోయారు! ఎక్కడ బండ్ల మీద తాగకూడదని ఆ నియమం పెట్టారో, అక్కడికి బండి మీదే పోవాల్సి వచ్చింది.

దుకాణం మూయడం ఒక ఊరి ఆడవాళ్ళంతా కలిసినా నాలుగేళ్ళు నిలవలేదు. దాంతో పోలిస్తే లైసెన్సు చట్టం అడిగేది ఎంత చిన్న విషయమో చూడండి. తాగవద్దని అది అనడం లేదు. తాగిన చేత్తో బండి ముట్టుకోవద్దంటోంది. దుకాణం మన చేతుల్లో లేదు. మరి బండి ఎవరి చేతుల్లో ఉంది?

ఇక్కడికి వచ్చేసరికి ఆ అమ్మాయి అసలు మాట అడిగింది.

"అంతా బాగనే ఉందక్కా. మూణ్ణెల్లు బండి ఆపితే మేం తినేదేంది? కంతులు కట్టేది యాడ్నించి?"

ఈ ప్రశ్నకు చట్టంలో జవాబు లేదు. ఉద్యోగస్తుడి లైసెన్సు పోతే బస్సెక్కి ఆఫీసుకు పోతాడు. బండి తోలుకునేవాడి లైసెన్సు పోతే పొయ్యి ఆరిపోతుంది. తాగింది ఒకడైతే పస్తులు నలుగురివి. అలాగని వదిలేస్తే, రేపు రోడ్డు మీద పోయే ఇంకొకరింట్లో దీపమే ఆరిపోతుంది. ఏది పెద్ద నష్టమో తూచి చెప్పడం సులభమే, మన ఇల్లు కానప్పుడు.

వాళ్ళాయన దారి ముందే ఆలోచించుకున్నాడు. పెద్దరోడ్డు ఎక్కకుండా గుంటల గట్ల మీదుగా, పుంత దారుల్లో తోలుకుంటాడట. మూడు నెలలు ఎవరు చూస్తారు? "బండి నా పేరు మీద గూడా లేదు, నన్నేం జేస్తారు" అన్నాడట.

నాకు చటుక్కున అనుమానం వచ్చింది. "మరెవరి పేరు మీదుంది?"

"నా పేరు మీదే అక్కా. పొదుపు గ్రూపులో నేను తీసిన డబ్బు కట్టే గదా బండి తెచ్చింది. మిగతాది ఫైనాన్సు. ఆర్‌సీ నా పేరుతోనే."

అప్పుడు ఆమెకు ఇంకో సెక్షను చదివి వినిపించాను. లైసెన్సు నిలిపేసిన మనిషి ఆ గడువులో బండి నడిపితే అతనికి 3 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇది 182వ సెక్షను. అంతకుముందు 180 ఉంది. చెల్లే లైసెన్సు లేని మనిషిని నడపనిచ్చిన బండి యజమానికి 3 నెలల దాకా జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. యజమాని అంటే ఎవరు? ఆర్‌సీలో పేరున్నవారు. అంటే ఆమె! ఇక ప్రమాదం జరిగితే, లైసెన్సు చెల్లని మనిషి నడిపాడని, తాగి నడిపాడని బీమా కంపెనీ పక్కకు తప్పుకునేందుకు చట్టంలోనే దారి ఉంది. అప్పుడు పరిహారం కోసం ఎవరి ఇల్లు చూస్తారో వేరే చెప్పాలా?

ఆ పిల్ల మొహం పాలిపోయింది. కాసేపటికి, పాలిపోయిన మొహంలోనే ఏదో తేరుకున్నట్టు అయింది.

"అంటే, బండి ఇచ్చేదీ ఇయ్యందీ నా ఇష్టమన్న మాట."

నేను చెప్పిందానికంటే తను అన్నదే బాగుంది. నోటీసు వచ్చింది మొగుడికి, అధికారం వచ్చింది పెళ్ళానికి.

చెప్పినంత సులభం కాదనుకోండి. చెయ్యెత్తే మనిషి ఎదుట తాళంచెవి దాచిపెట్టడం చట్టం పుస్తకం చదివినంత తేలికా? దూబగుంట ఆడవాళ్ళు కూడా ఒక్కొక్కరుగా పోయి ఉంటే దుకాణం మూతపడేది కాదు. ఈ అమ్మాయి అదృష్టం, వాళ్ళ అత్తగారు. ఆ ముసలావిడ 1992లో సారా దుకాణం ముందు కూర్చున్నవాళ్ళల్లో ఒకతె. కోడలు చెప్పిందంతా విని, తనే వంటింటి గోడకు మేకు కొట్టి, తాళంచెవి దానికి తగిలించి, కొడుకుతో ఒక్క మాట అందట. "మీ నాయన చేత సారా మాన్పించలేకపొయినా. నీ బండన్నా ఆపుతా."

రెండు రోజులు అతను అన్నం తినలేదు. మూడో రోజు తిన్నాడు. ఆమె అక్క కొడుకు ఒకడు లైసెన్సున్నవాడు ఉంటే, రోజుకూలి మీద వాణ్ణి పెట్టుకున్నారు. రొయ్యల రైతులకు ఫోన్లు చెయ్యడం, లెక్కలు చూసుకోవడం ఆమే చేసింది. బండి యజమాని సొంత బండికి క్లీనరై, పక్క సీట్లో కూర్చుని ఐసు పెట్టెలు మోశాడు. రాబడి తగ్గింది. చెవికమ్మలు తాకట్టుకు పోయాయి. కంతు మాత్రం ఆగలేదు. శిక్షణకు కూడా పోయి వచ్చాడు. గడువు తీరాక లైసెన్సు తిరిగి వచ్చింది.

తాగుడు మానేశాడా అని మీరడుగుతారు. మానలేదు. కథలో అయితే మానేసేవాడు.

కానీ తాళంచెవి ఇప్పటికీ ఆ మేకుకే ఉంది. తెల్లవారుజామున అతను చెయ్యి చాపితే, "రాత్రి ఎన్నిటికి ఆపితివి, ఎంత తాగితివి?" అని అడుగుతుంది. వేళ్ళ కణుపుల మీద గంటలు లెక్కపెడుతుంది. లెక్క చాలకపోతే అక్క కొడుక్కి ఫోను చేస్తుంది. అతను గొణుగుతాడు. రెండోసారి దొరికితే రద్దేనని ఇద్దరికీ తెలుసు కనుక, గొణుగుడు వాకిలి దాటదు.

మన ఇళ్ళల్లోనూ స్త్రీ పేరు మీద కొంటే కలిసొస్తుందనో, ఇంకెందుకనో, బండ్లు మన పేర్లతో కొనడం ఉంది. సంతకం పెట్టమంటే పెడతాం. ఈ సంచిక పక్కన పెట్టాక ఒకసారి ఆ ఆర్‌సీ తీసి చూడండి. అందులో మీ పేరే ఉంటే, ఈ ఆదివారం ఇంట్లో సుత్తి ఎక్కడుందో వెతకండి. మేకు అణాకానీ ఖర్చు. కొట్టేటప్పుడు మాత్రం అత్తగారినో, ఆడపడుచునో పక్కన ఉండమనండి.